అయిదు డిగ్రీల ర్యాంపు

గుండ్లమడక సర్కారు జూనియర్ కాలేజీకి ర్యాంపు మంజూరైందన్న కబురు వినగానే లెక్కల లెక్చరర్ వకుళ ఒక పొరపాటు చేసింది. సంతోషించింది.

ప్రభుత్వం ఏదైనా మంజూరు చేస్తే అనుభవం ఉన్నవాళ్ళు సంతోషించరు. తలుపులు వేసుకుని, సామాన్లు సర్దుకుని, ఏం జరుగుతుందోనని కిటికీలోంచి చూస్తారు. వకుళకు లెక్కలు బాగా వచ్చు గానీ ఈ అనుభవం తక్కువ.

ఆ కాలేజీ ఒకప్పుడు మిరపకాయల గోదాము. లారీ వెనక్కి వచ్చి ఆగితే బస్తాలు నేరుగా అందులోకి దొర్లేటట్టు గది అరుగును లారీ ఎత్తున కట్టారు. తర్వాత మిరపకాయల్ని దాచడం కన్నా పిల్లల్ని దాచడం చవకని ఎవరికో తట్టింది. బోర్డు మార్చి, సున్నం కొట్టించి, ఒక పక్కన మెట్లు పెట్టి కాలేజీ అన్నారు. ఇప్పటికీ ముసురు పట్టి గోడలు చెమ్మగిల్లితే మొదటి బెంచీ వాళ్ళు పాఠమంతా తుమ్ముతూనే ఉంటారు.

ఆ మెట్లే వకుళకు శత్రువులయ్యాయి. బస్సు ప్రమాదంలో నడుము దెబ్బతిన్నప్పటి నుంచి ఆమె చక్రాల కుర్చీలో ఉంది. ఉద్యోగం మానెయ్యమని చుట్టాలు చెప్పారు, పక్కాలు చెప్పారు, అడగని వాళ్ళు కూడా వచ్చి చెప్పారు. ఆమె వినలేదు. రోజూ పొద్దున్నే మెట్ల దగ్గరికి వస్తే నలుగురు పిల్లలు దిగి వచ్చి, "మేడం, గట్టిగా పట్టుకోండి," అని కుర్చీని ఎత్తి లోపలికి చేర్చేవాళ్ళు. మంచి పిల్లలు. విసుక్కునేవాళ్ళు కాదు, వెక్కిరించేవాళ్ళు కాదు. అయినా తన క్లాసుకు తానే ఒక బస్తాలాగా చేరడం ఆమెకు ప్రతిరోజూ సిగ్గుగానే ఉండేది. తన చేతులతో తన చక్రాలు తిప్పుకుంటూ, ఎవరి చెయ్యీ పడకుండా, నల్లబల్ల దాకా వెళ్ళాలి. ఆమె కోరిక అంతే. ఇంద్రభవనం అడగలేదు.

అందుకే అర్జీ పెట్టుకుంది. సులభ ప్రవేశ నిర్మాణాల శాఖ ఆ అర్జీని పరిశీలించి, మురిసిపోయి, పన్నెండు మీటర్ల పొడవు, అయిదు డిగ్రీల వాలు ఉన్న ర్యాంపు మంజూరు చేసింది. చక్రాల కుర్చీకి అంతకన్నా అనువైన వాలు ఉండదు. కాగితం మీద అక్షరం కూడా తప్పు లేదు. వకుళ ఆ కాగితం చూసే మోసపోయింది.

కొలతలకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వైకుంఠరావు గారు స్వయంగా విచ్చేశారు. జీపు ముందు సీట్లో ఆయన. వెనక సీట్లో ఎర్రగుడ్డ కప్పిన చిన్న పెట్టె. దాని పక్కన ఒదిగి ఒదిగి కూర్చుని అసిస్టెంటు ఇంజనీరు శామ్యూల్. కాలేజీ ప్రిన్సిపాల్ ఏకాంబరం పూలదండ పట్టుకుని ఎదురెళ్ళాడు. వైకుంఠరావు గారు దండను వారించి పెట్టె వైపు చూపించారు.

"ముందు దానికి."

పెట్టెలో ఒక కాలిక్యులేటరుంది. అల్లాటప్పా కాలిక్యులేటరు కాదు. ఆయుధపూజ నాటి కుంకుమబొట్టు ఇంకా చెరగలేదు. అంకెల మీటలు, సైన్, కొసైన్ మీటలు, కూడికలు గుణకారాలు తప్ప మిగతా మీటలన్నిటి మీదా లక్క పోసి సీలు వేసి ఉంది.

"శాఖలోని లెక్కలన్నీ ఏకరీతిగా ఉండవలెనన్న సదుద్దేశముతో హెడ్డాఫీసు వారు డివిజనుకు ఒకటి చొప్పున సరఫరా చేసియున్నారు," అన్నారు వైకుంఠరావు గారు. "ఇద్దరు గెజిటెడ్ అధికారుల సమక్షంలో తప్ప పెట్టె తెరవరాదు. ఏకాంబరం గారూ, మీరు గెజిటెడ్డేనా?"

"చిత్తం," అన్నాడు ఏకాంబరం.

"అయితే తెరవబడుచున్నది."

ఏటవాలుగా ఉన్నదాని పొడవును దాని కోణపు సైన్‌తో గుణిస్తే అది ఎంత ఎత్తుకు చేరుతుందో తెలుస్తుంది. కొసైన్‌తో గుణిస్తే నేల మీద ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. ఇందులో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. వకుళ దగ్గర చదివిన పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. శామ్యూల్ అయిదు నొక్కాడు, సైన్ నొక్కాడు, పన్నెండుతో గుణించాడు. తెర మీద అంకెను రెండుసార్లు చూశాడు.

"మైనస్ పదకొండున్నర మీటర్లు, సార్."

"రాసుకో."

"సార్, మైనస్..."

"మైనస్ అంటే కిందికి. ఆ మాత్రం తెలియకుండానే డిగ్రీ ఇచ్చారా నీకు?"

వకుళ నవ్వేసింది. పెద్దాయన సరసమాడుతున్నాడనుకుంది. ఆయన ముఖంలో సరసం జాడ కనిపించకపోయేసరికి నవ్వు ఆపి, కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది.

"సార్, ఆ కాలిక్యులేటరు కోణాన్ని డిగ్రీల్లో తీసుకోవడం లేదు, రేడియన్లలో తీసుకుంటోంది. తెర మూలన చిన్న R అక్షరం ఉంది చూడండి. బంగారాన్ని తులాల్లో తూస్తాం, బియ్యాన్ని కిలోల్లో తూస్తాం కదా, ఇదీ అంతే. కోణాన్ని కొలవడానికి రెండు పద్ధతులున్నాయి. అయిదు డిగ్రీలంటే చేటను కాస్త వంచినంత వాలు. అయిదు రేడియన్లంటే గుండ్రంగా తిరిగి తిరిగి దాదాపు పాతాళం వైపు చూసినట్టు. ఆ పక్క మీట ఒక్కసారి నొక్కితే సరిపోతుంది సార్."

"ఏ మీట?"

"అదిగో, ఆ లక్క కింద ఉన్నది."

వైకుంఠరావు గారు తన ముందే ఎవరో గుడిలో చెప్పులతో నడిచినట్టు చూశారు.

"ఆ లక్క తీయవలెనన్నచో హెడ్డాఫీసు త్రిసభ్య సంఘం తీర్మానం కావాలమ్మా. సంఘంలో ఒకరు రిటైరయ్యారు. ఒకరు కాలధర్మం చెందారు. మూడో ఆయన ఉన్నారు గానీ ఆయనొక్కరితో కోరం కాదు. పోయినేడు పక్క డివిజన్లో ఒక అత్యుత్సాహి ఆ మీట నొక్కాడు. ఏమైందో తెలుసా? అప్పటిదాకా కట్టిన పనులన్నీ ఒక్క దెబ్బతో తప్పయిపోయాయి. అంత నష్టం కలిగించినవాణ్ణి ఊరికే వదలలేము గదా, సస్పెండ్ చేశాం."

వకుళ తన ఫోను తీసి లెక్క కట్టి చూపించింది. మీటరు మీద కొంచెం. అచ్చంగా అరుగు ఎత్తు.

"ఫోను ప్రైవేటు వస్తువు," అన్నారాయన దాని వంక చూడకుండానే. "సీలు కూడా లేదు. అన్నిటికీ మించి తమరు ఈ పథకంలో లబ్ధిదారు. లబ్ధిదారు సాంకేతిక అభిప్రాయం చెప్పడాన్ని నిబంధనలు ఒప్పుకోవు. మీరు సౌకర్యం పొందవలసినవారు. పొందండి."

ఏకాంబరం వంగి ఆమె చెవిలో, "మేడం, వచ్చినదాన్ని కాదంటే మళ్ళీ ఇవ్వరు. పోనీండి," అని గొణిగి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేశాడు. ఆ మనిషికి పిల్లల పేర్లు గుర్తుండవు గానీ సంతకం పెట్టాల్సిన చోటు కళ్ళు మూసినా తెలుస్తుంది.

వకుళ ఊరుకోలేదు. జిల్లా కేంద్రంలో ఉన్న శాఖ ఆఫీసుకు ఫిర్యాదు రాసింది. వాళ్ళూ ఊరుకోలేదు. సాంకేతిక పరిశీలనా సమావేశం పెట్టి, హాజరు కమ్మని పిలిచారు. ఆటో మాట్లాడుకుని వెళ్ళింది. సులభ ప్రవేశ నిర్మాణాల శాఖ మేడ మీద ఉంది. లిఫ్టు లేదు. మెట్లు మాత్రం చాలా బాగున్నాయి, పాలరాయి వేశారు.

కాబట్టి సమావేశం పైన జరిగింది, వకుళ కింద సైకిల్ స్టాండు దగ్గర ఉంది. మధ్యలో శామ్యూల్ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. చాలాసేపటికి ఒకే ఒక్క ప్రశ్న మోసుకుని దిగాడు.

"మేడం, సైన్ వర్గం, కొసైన్ వర్గం కలిపితే ఒకటి అవుతుందా కాదా అని అడుగుతున్నారు. అవునో కాదో ఒక్క ముక్కలో చెప్పాలంట."

"అవుతుంది. కానీ శామ్యూల్, అది ఏ కోణానికైనా అవుతుంది. తప్పు కోణానికీ అవుతుంది. దాంతో ఏమీ రుజువు కాదు. డిగ్రీలా రేడియన్లా అన్నదే..."

"ఒక్క ముక్కే తీసుకురమ్మన్నారు మేడం," అని శామ్యూల్ 'అవుతుంది' అన్న ముక్క పట్టుకుని పైకి పోయాడు. మిగతాదంతా సైకిళ్ళ మధ్య ఉండిపోయింది.

అబద్ధం చెప్పి ఉంటే బతికిపోయేది. కానీ లెక్కల మనిషి, నోటికి అబద్ధం రాదు. సాయంత్రానికి తీర్మానం చేతికిచ్చారు. సైన్ ప్రకారం లోతు పదకొండున్నర మీటర్లనీ, కొసైన్ ప్రకారం నేల మీది దూరం మూడు మీటర్ల చిల్లర అనీ, ఆ సైన్, కొసైన్‌ల వర్గాలు కలిపి చూడగా ఒకటి ఖచ్చితంగా వచ్చిందనీ, సదరు సూత్రాన్ని ఫిర్యాదుదారు స్వయంగా ధ్రువీకరించినందున డిజైనుతో ఏకీభవించినట్లు పరిగణించడమైనదనీ అందులో ఉంది. ఒకే ఒక్క తప్పు చేసి, ఆ తప్పు చుట్టూ ఉన్నవన్నీ సక్రమంగా చేయడంలో ఆ శాఖను మించినవాళ్ళు లేరు. ఆటోవాడు ఏమైంది మేడం అని అడిగితే వకుళ ఆ తీర్మానాన్ని అతని చేతిలో పెట్టింది.

తవ్వకం మొదలైంది. కాంట్రాక్టరు వీరాస్వామి చంకలు గుద్దుకున్నాడు. అరుగుకు ఆనించి నాలుగు బండ్ల కంకర పోస్తే అయిపోయే పని, చూస్తుండగా మహాయజ్ఞమైంది. పొక్లెయిను తెచ్చి అరుగుకు కాస్త దూరంలో గొయ్యి తీయడం మొదలుపెట్టాడు. గొయ్యి అంటే శాఖవాళ్ళకు కోపం వచ్చేది. 'రుణాత్మక ర్యాంపు' అనాలని సర్క్యులర్ వచ్చింది.

అది గోడలా నిటారుగా దిగుతోంది. సగానికి పైగా దిగేసరికి నీళ్ళు పడ్డాయి. ఊళ్ళో ఆడవాళ్ళు ప్రభుత్వం బావి తవ్విస్తోందనుకుని బిందెలతో వచ్చారు. "ర్యాంపు మీద నీళ్ళు పట్టరాదు," అని వీరాస్వామి వాళ్ళను తరిమాడు. మోటార్లు పెట్టి నీళ్ళు తోడి, కిందికంటా కాంక్రీటు పోసి, ఆ గోడకు కాలు జారకుండా గరుకు పలకలు అతికించారు. రెండు పక్కలా స్టీలు కడ్డీలు బిగించారు. పైన బోర్డు పెట్టారు: 'నెమ్మదిగా వెళ్ళండి. తొందర వద్దు.'

ఈలోగా ఇంకో ఉత్తర్వు వచ్చింది. లబ్ధిదారుకు శాఖ ద్వారా సౌకర్యం మంజూరై ఉన్నందున, విద్యార్థులు ఆమెను మోయుట రెట్టింపు సౌకర్యం కిందికి వస్తుందట. కాబట్టి మోత నిషేధం. ఏకాంబరం ఆ ఉత్తర్వును మెట్ల పక్కన అతికించి, మోసే నలుగురి పేర్లూ రాసుకుని హెచ్చరించాడు.

దాంతో పిల్లలు పైన గదిలో, మేడం కింద మట్టిలో. వకుళ కిటికీ కింద కుర్చీ ఆపుకుని, తల పైకెత్తి, గొంతు చించుకుని పాఠం చెప్పేది. "సైన్ సున్నా దగ్గర మొదలై, పైకి లేచి, ఒకటిని తాకి, మళ్ళీ కిందికి దిగి, సున్నాని దాటి..." అని చేత్తో గాల్లో అల గీసేది. కిటికీలోంచి తొంగి చూసే ఇద్దరు ముగ్గురికి చెయ్యి కనపడేది. వాళ్ళు వెనక్కి తిరిగి మిగతావాళ్ళకు చెయ్యి ఊపి చూపించేవాళ్ళు. చివరి బెంచీకి చేరేసరికి ఆ అల ఏ రూపంలో ఉండేదో దేవుడికే తెలియాలి. పొక్లెయిను మోత ఒకటి. వారం తిరగకుండానే ఆమె గొంతు బొంగురుపోయింది. నల్లబల్ల ఖాళీగా ఉంది. బల్ల మీద రాయకుండా లెక్కలు చెప్పడమంటే పళ్ళెం లేకుండా పప్పూ అన్నం వడ్డించడమే.

ఒకరోజు శామ్యూల్ పని చూడడానికి వచ్చి, కిటికీ కింద ఆమెను చూసి తల దించుకుని పోబోయాడు. వకుళ పిలిచింది.

"శామ్యూల్, నీకు తెలుసు కదా?"

"తెలుసు మేడం."

"మరి?"

"మొదటి రోజే తెలుసు. నాకు ఇద్దరు చెల్లెళ్ళు చదువుకుంటున్నారు. ఆ లక్క మీద గోరు పడితే నా ఉద్యోగం పోద్ది." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇట్టాంటివి జిల్లాలో ఇంకా తవ్వుతున్నారు మేడం. ఒకచోట ఆసుపత్రి ముందు కూడా."

ఆమెకు అతని మీద జాలేసింది. కోపం కూడా వచ్చింది. జాలిపడి వదిలేసిన ప్రతివాడి వెనకా ఒక గొయ్యి మిగిలిపోతుందని ఆ క్షణాన ఆమెకు గట్టిగా అనిపించింది. మళ్ళీ కిటికీ వైపు తల ఎత్తి పాఠం అందుకుంది.

గొయ్యిలోంచి తీసిన మట్టంతా ఎక్కడ పోయాలో డిజైనులో రాయలేదు. రాయలేదు కాబట్టి వీరాస్వామి దగ్గర్లో ఉన్న చోట పోశాడు. దగ్గర్లో ఉన్నది అరుగు. గుట్టలు గుట్టలుగా అరుగు పక్కన మట్టి పేరుకుంది. ఒక మధ్యాహ్నం మొదటి బెంచీ ఖాసింబీ కిటికీ ఊచల్లోంచి మొహం బయటికి పెట్టింది.

"మేడం, ఈ మట్టి మన అరుగంత ఎత్తుంది."

వకుళ మట్టి వైపు చూసింది. అరుగు వైపు చూసింది.

"లెక్క రాసుకోండి," అంది. బొంగురు గొంతులో ఎక్కడలేని బలం వచ్చింది. "అరుగు ఎత్తు మీటరు మీద కొంచెం. వాలు అయిదు డిగ్రీలు. డిగ్రీలు! ఏటవాలు పొడవు ఎంత కావాలి? ఎత్తును సైన్‌తో భాగించండి."

ఆ కాలేజీ చరిత్రలో అంత శ్రద్ధగా ఎవరూ ఏ లెక్కా చెయ్యలేదు. జవాబు పన్నెండు మీటర్లు. మంజూరు కాగితంలో ఉన్నదే.

ఆదివారం పిల్లలు ఇళ్ళ నుంచి పారలూ తట్టలూ పట్టుకొచ్చారు. తాడు కట్టి కొలిచారు. గుట్టను చదును చేశారు, అరుగు నుంచి సన్నగా నేలదాకా దించారు. రుణాత్మక ర్యాంపులోంచి నీళ్ళు తోడి చల్లి, దిమ్మిసలతో కొట్టారు. ఆ గోతివల్ల జరిగిన ఏకైక ఉపకారం ఆ నీళ్ళే. ఖాసింబీ వాళ్ళ నాన్న తాటిపట్టెలు తెచ్చి అంచుల్లో పాతాడు.

సోమవారం పొద్దున వకుళ ఆ మట్టి దారి మొదట్లో ఆగింది. పిల్లలు రెండు పక్కలా నిలబడ్డారు గానీ ఎవరూ చెయ్యి వెయ్యలేదు. వద్దని ఆమె ముందే చెప్పింది. చక్రాలు తిప్పింది. మట్టి కొంచెం అణిగింది, పట్టుకుంది. సగం దూరంలో భుజాలు పీకాయి, ఆగి ఊపిరి తీసుకుంది. మళ్ళీ తిప్పింది. అరుగు. గుమ్మం. గది. నల్లబల్ల.

చాక్‌పీసు పట్టుకుని తన చెయ్యి అందినంత ఎత్తులో ఒక అల గీసింది. ఒంపు తిరిగి, ఒంపు తిరిగి బల్ల ఈ కొసనుంచి ఆ కొసకు పోయింది. సంతోషంతో ఆమెకు ఏడుపొచ్చింది. పిల్లలకు కనపడకూడదని బల్లవైపే తిరిగి చాలాసేపు అక్షాలు గీసింది. ఆ వారం రోజులూ గుండ్లమడక కాలేజీలో లెక్కలు జరిగినట్టు ఎక్కడా జరగలేదు. చివరి బెంచీ వాళ్ళు కూడా లేచి నిలబడి ప్రశ్నలు అడిగారు.

ఆ మరుసటి వారం ర్యాంపు ప్రారంభోత్సవానికి చీఫ్ ఇంజనీరు గారు వచ్చారు. బ్యాండు వచ్చింది. రిబ్బను వచ్చింది. గొయ్యి అంచున నిలబడి చీఫ్ గారు కిందికి తొంగి చూశారు. అడుగున నల్లగా నీళ్ళు మెరుస్తున్నాయి. ఏదో కప్ప అరిచింది.

"అద్భుతం," అన్నారు చీఫ్ గారు. "కడ్డీలు నికెల్‌వేనా?"

"స్టెయిన్‌లెస్ సార్," అన్నారు వైకుంఠరావు గారు వినయంగా. అప్పుడే ఆయన చూపు మట్టి దారి మీద పడింది. దాని మీదుగా వకుళ తన కుర్చీలో కిందికి దిగి వస్తోంది, పెద్దవాళ్ళతో మాట్లాడదామని.

వైకుంఠరావు గారి ముఖం నల్లబడింది. టేపు తెప్పించారు. కొలిపించారు.

"సార్, మనం ఆమోదించినది మైనస్ పదకొండున్నర. ఇది ప్లస్ ఒకటి. పన్నెండున్నర మీటర్ల అతిక్రమణ!"

"నా సర్వీసులో ఇంతటి అతిక్రమణ చూడలేదు," అన్నారు చీఫ్ గారు. "మట్టి ఎవరిది?"

"మనదే సార్. ప్రభుత్వ గోతిలోంచి... క్షమించాలి, ప్రభుత్వ ర్యాంపులోంచి తీసినది."

వకుళ చీఫ్ గారి ముందుకొచ్చి ఆగింది. నమస్కారం పెట్టింది. ఎంత నెమ్మదిగా చెప్పాలో అంత నెమ్మదిగా చెప్పింది.

"సార్, ఈ దారిన నేను నా క్లాసులోకి వెళ్ళగలుగుతున్నాను. ఆ దారిన వెళ్ళలేను. ఇద్దరం కళ్ళతో చూస్తూనే ఉన్నాం. దీన్ని ఉండనివ్వండి. అదొక్కటే అడుగుతున్నాను. ఇంకేమీ వద్దు."

చీఫ్ గారు దయగా నవ్వారు. పై అధికారుల్లో దయగా నవ్వేవాళ్ళే ప్రమాదం.

"అమ్మా, వెళ్ళడం వేరు, సౌకర్యం వేరు. వెళ్ళడమనేది తమ వ్యక్తిగత విషయం. అందులో మేము జోక్యం చేసుకోము. సౌకర్యం ప్రభుత్వ విషయం. అందులో తమరు జోక్యం చేసుకోకూడదు." తర్వాత శామ్యూల్ వైపు తిరిగారు. "మీట నొక్కింది నువ్వేనా? డిజైనులో ఏమైనా లోపం ఉందా? ధైర్యంగా చెప్పు."

అందరూ శామ్యూల్ వైపు చూశారు. ఒక్క మాట చాలు. శామ్యూల్ వకుళ కళ్ళలోకి చూశాడు, తర్వాత బూట్ల వైపు చూసుకున్నాడు.

"సీలు సరిగ్గానే ఉంది సార్," అన్నాడు.

పొక్లెయిను మళ్ళీ బుర్రుమంది. పిల్లలు ఆదివారమంతా కొట్టిన మట్టిని తీయడానికి దానికి పావుగంట పట్టలేదు. ఖాసింబీ అడ్డం వెళ్ళబోతే ఏకాంబరం జబ్బ పట్టి లాగాడు. వకుళ అలా చూస్తూ కూర్చుంది. తనకు కాళ్ళు పోయిన రోజున కూడా ఇంత ఏడుపు రాలేదని తర్వాత ఇంట్లో చెప్పుకుంది.

ఆ పని అవుతుండగానే చీఫ్ గారికి ఇంకో సూక్ష్మం తట్టింది. ర్యాంపు అడుగు పదకొండున్నర మీటర్ల కింద ఉంది. గది మీటరు పైన ఉంది. ఇవి రెండూ కలవడం లేదు. ర్యాంపు లెక్క ప్రకారం కట్టినది, గది మాత్రం మిరపకాయల కోసం కట్టినది. తప్పు దేనిదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

"గది ఉండవలసిన మట్టంలో లేదు," అని తేల్చారు చీఫ్ గారు. "దాన్ని ర్యాంపు చివరకు దించే ప్రతిపాదన పంపండి. అందాకా తప్పు మట్టంలో ఉన్న గదిలో పిల్లలుండడం ప్రమాదం. మూసి సీలు వేయండి."

తలుపుకు తాళం పడింది. తాళం మీద లక్క పడింది. కిటికీలకు రేకులు కొట్టారు. బెంచీలూ బల్లా లోపలే ఉండిపోయాయి. ప్రారంభోత్సవం లడ్డూలు మాత్రం అందరికీ పంచారు.

మర్నాటి నుంచి క్లాసు ఖాళీ స్థలంలో. పిల్లలు సంచులు పరుచుకుని కింద కూర్చున్నారు. వకుళ ఒక అట్టముక్క ఒళ్ళో పెట్టుకుని దాని మీద బొగ్గుతో గీసి చూపిస్తోంది. ముందు వరసకు కనిపిస్తోంది, వెనక వరస లేచి నిలబడుతోంది. పైన మబ్బు పట్టి ఉంది. పాఠం మధ్యలో ఏకాంబరం చేతిలో కాగితాలతో, ముఖమంతా నవ్వుతో వచ్చాడు.

"మేడం, శుభవార్త! మన కాలేజీ పేరు రాష్ట్ర పురస్కారానికి వెళుతోంది. వైకుంఠరావు గారు నివేదిక పంపారు, వినండి." గొంతు సవరించుకుని చదివాడు. "'సదరు తరగతి గదిలోనికి ప్రవేశించు విషయమున, చక్రాల కుర్చీ వినియోగించు లెక్చరరుకును, నడవగలిగిన విద్యార్థులకును మధ్య ఇంతకాలము ఉండిన వ్యత్యాసము మా శాఖ కృషి వలన సంపూర్ణముగా తొలగిపోయినది. ప్రస్తుతము ఎవ్వరునూ ప్రవేశించలేరు. జిల్లాలో నూటికి నూరు పాళ్ళు సమానత్వము సాధించిన ప్రథమ సంస్థ ఇదియే.' ఎట్టా ఉంది మేడం?"

వకుళ అట్టముక్క మీది అలను బొగ్గుతో ఇంకొంచెం పొడిగించింది.

"చివర లబ్ధిదారు సంతకం కావాలన్నారు. లబ్ధి పూర్తిగా ముట్టిందని. ఇక్కడ," అని ఏకాంబరం వేలు పెట్టి చూపించాడు. కలం జేబులోంచి తీసేలోపలే పెద్ద పెద్ద చినుకులు టపటపా రాలాయి. అతను కాగితాలు చొక్కా కింద దోపుకుని ఒక్క పరుగున మెట్లెక్కి, సీలు వేసిన గది ముందు అరుగు మీదికి చేరాడు. వాన దబదబా అందుకుంది. పిల్లలు ఒక్కరూ పరిగెత్తలేదు. వకుళ చుట్టూ మూగి, పుస్తకాల సంచులు ఆమె తల మీద పట్టారు. అట్టముక్క మీది అల నల్లగా కారి ఆమె చీర మీద పడింది.

అరుగు మీది నుంచి ఏకాంబరం నివేదిక తడవకుండా గుండెకు హత్తుకుని, రెండో చెయ్యి ఊపుతూ కేకేశాడు.

"తడిసిపోతున్నారు మేడం! సంతకం మిగిలిపోయింది. గబగబా మెట్లెక్కి పైకి వచ్చెయ్యండి!"